గోడ దిక్కు పూత

నారాయణగూడల విత్తనాల దుకాణం మెట్ల మీద వదిన, మరిది కూసున్నరు. షట్టర్ ఇంకా తియ్యలేదు. విద్యావతికి ఇయ్యాల దేని మీదా కోపం లేదు. నిన్న పెరట్ల మామిడి పూత కండ్లజూసిన మనిషికి ఒకరి దుకాణం తాళం ఏం లెక్క!

"నవ్వకు శ్రీపతీ, నేను ముక్కు పెట్టి వాసన గూడ చూసిన. పూతే! గోడ దిక్కు కొమ్మకు, ఇంత గుత్తి."

"నవ్వుతలేను వదినా. మంచిగైంది."

"మంచిగైందని గట్ల చప్పగంటవేంది? తొమ్మిదేండ్ల సంది మీ అన్న గొడ్డుచెట్టు గొడ్డుచెట్టని నా పానం తీసిండు. కువైట్ల లడాయి మొదలై నువ్వు ఇంటికి రాకపోతే నాకెవరు చెప్పేటోళ్లు? గిన్నెలు గడిగిన నీళ్లన్నీ దాని మొదట్లకే పోనిస్తిమి. మంచిగ తాగుతదిలే, పాపమనుకుంటి."

"అందరు గట్లనే చేస్తరు."

"ఎడారిల, ఆ ఇసుకల, మీ సాబ్ పెరట్ల మామిడి కాయించినోనివి నువ్వు. వేడిగాలికి గోనెసంచులు కట్టి, మొదట్ల ఎండాకు పరిచి... నువ్వే అంటివి గద, నీళ్లు పోసుడు ఎవరికైనా వస్తది వదినా, ఆపుడే నేర్వాలె అని. దసర సంది ఎండగట్టు, జర ఆకలైతేనే పూతకొస్తది, కడుపు నిండితే ఉత్త ఆకులేస్తదంటివి. నీ మాట పట్టుకొని గిన్నెల నీళ్ల మోరి ఇంకో దిక్కు తిప్పిచ్చిన. చెంబెడు నీళ్లు పడనియ్యలే."

"టీ తాగుతవా వదినా? పక్కకే హోటలున్నది."

"టీ ఎందుకిప్పుడు? సూరేకారం కొనుక్కొని పోదాం. నీళ్లల్ల కలిపి కొడితే మిగిలిన కొమ్మలు గూడ పూస్తయంటివి గద?"

"పూస్తయి. పూయొచ్చు."

"పూస్తయా, పూయొచ్చా?"

"పూస్తయి తీ."

"ఆదివారం గూడ తీస్తడంటివి, ఏడి మరి?"

"తీస్తడు, తీస్తడు. కూసో."

"మా నాయిన తోట అమ్మినంక ఆ కాయ ఇంకేడ లేదయ్యా. కొన్నోళ్లు అన్ని నరికి ప్లాట్లు జేసిన్రు. నేను తెచ్చుకున్న అంటొక్కటే మిగిలింది. ఇది గూడ పోతే నా పుట్టింటి కాయ ఎట్లుంటదో నా బిడ్డ అనూహ్యకు నోటితోని చెప్పుడే తప్ప, చేతిల పెట్టలేను."

"ఎరికే వదినా."

"ఇగ భయం లేదులే. ఈ ఏడు పూస్తే దాని జోలికి పోను, పూయకుంటే శివరాత్రి దాటినంక కొట్టిస్త అని మీ అన్న దేవునర్ర ముందర నిలబడి చెప్పిండు. నిన్న ఆయన చెయ్యి పట్టి గుంజుకపోయి చూపిచ్చిన."

"ఏమన్నడు?"

"మంచిది అన్నడు. చెప్పులేసుకొని సీదా కవాడిగూడకు, మీ ఇంటికే వచ్చిండు. నీకు చెప్పలేదా?"

"చెప్పిండు."

"చూసినవా! పైకి అనడు గనీ, మీ అన్న రామచంద్రరావు గారికి లోపల సంబురమే."

"వదినా, టీ అన్న తాగుదాం."

"ఉండు. ఒకటడుగుత. నీళ్లు మొత్తానికే బంద్ పెట్టినం గద. అయినా చెట్టంత ఎర్రగ చిగురేసింది. గోడ దిక్కు ఒక్క కొమ్మనే ఎందుకు పూసినట్టు?"

"చలికి."

"చలి ఒక్క కొమ్మకే ఉంటదా?"

"పక్కింటోళ్ల సంపు కారుతదేమో. నేల కింద తడి..."

"వాళ్ల సంపు గోడ దిక్కే ఉన్నది. కారితే ఆ దిక్కు చిగురెయ్యాలె. ఇది ఉల్టా అయింది గదా."

"చెట్టు వదినా. మనం చెప్పినట్టు ఇంటదా?"

"మా గిన్నెలు తోమే బీరమ్మ ఒక మాటన్నది."

"ఏమన్నది?"

"నేను బడికి పాఠాలు చెప్పబోంగనే చిన్నసారు వస్తడమ్మా, పైపు పెడ్తడు అన్నది. నేనే దాన్ని కసిరిన. మా శ్రీపతి బట్టలకో దేనికో పెట్టుకుంటడు, నీకెందుకే అని."

"బట్టలకే."

"నీ బట్టలు మీ ఇంట్ల గదా ఉండేది!"

"అంటే... కాళ్లు గడుక్కోనీకి. ఎప్పుడన్న ఒకసారి."

"నల్లా రోజు విడిచి రోజొస్తది. మా తొట్టి అడుగంటిందని పక్కింట్ల బిందె పట్టుకొని అడుక్కున్న నేను. ఆ నీళ్లెటు పోయినయ్? నా మొఖం జూసి చెప్పు."

"బీరమ్మకేం ఎరుక వదినా, అది..."

"సరే. నడువు. బీరమ్మనే నిలబెట్టి అడుగుదాం. లే, పోదాం పా."

"ఆగు! ఆగు వదినా. పోసిన. నేనే పోసిన."

"ఏంది?"

"చెట్టుకు. నేనే పోసిన."

"మర్చిపోయి పోసినవా?"

"లేదు."

"ఉత్త ఆకే రావాలని యూరియా గూడ ఏసినవా?"

"అది గూడ ఏసిన. పైపు గోడ దాక అందలే."

"అబ్బ! ఎంత పని జేసినవ్ రా! నన్ను ఎండగట్టమని, నా వెనక నువ్వు తాపినవా? ఎండిందేమో, సచ్చిపోతదేమోనని నేను రోజు ఆకులు ముట్టి చూసుకుంటుంటి. వదినా పానం ఉన్నది, భయపడకు అని నువ్వే ధైర్యం చెప్తివి గదరా!"

"తప్పే వదినా."

"నీ అంతల నువ్వు చెయ్యవు. ఎవరు పొయ్యమన్నరు?"

"అన్న."

"మీ అన్న. దేవునర్ర ముందర చెప్పిన మీ అన్న."

"పూయకుంటే వదిన తనంతల తనే ఒప్పుకుంటది, ఇంట్ల లొల్లి ఉండదన్నడు. చెట్టు కొట్టిచ్చి ఆ జాగల రెండర్రలేసి నన్ను ఉండుమన్నడు. మా ఓనరు ఖాళీ చెయ్యమని మీదికొస్తున్నడు వదినా. అంత కువైట్లనే ఇడిచిపెట్టి కట్టుబట్టల తోని వచ్చినోన్ని, పిల్లలనేసుకొని ఏడికి పోవాలె?"

"నన్నడగకపోతివా? ముందటర్ర నీకిచ్చి మేము వంటింట్ల పండుకుందుము. ఒక్కసారి నోరు తెరిచి వదినా అంటే ఇయ్యకపోదునా?"

"సిగ్గయింది."

"సిగ్గయిందా! నా చేతి బువ్వ తిని, చెయ్యి కడిగి, నా చెట్టు మొదట్ల పైపు పెట్టనీకి సిగ్గు గాలే? అన్నదమ్ములిద్దరు కలిసి నన్ను ఎడ్డిదాన్ని జేసిన్రు. పూతకు ఎదురుచూసుకుంట చెట్టుకు పసుపు బొట్టు పెడ్తుంటి నేను. మీరు చూసి నవ్వుకొని ఉంటరు."

"నవ్వలే వదినా. ఒట్టు. నాకు నిద్రగూడ పడ్తలేదు."

"ఆయన మీద నాకెప్పుడు గంత ఆశ లేదు. నీ మీద ఉండె. అదే కాలుతున్నది నాకు."

"తిట్టు వదినా. ఎంతన్న తిట్టు. కూసోని తిట్టు."

"నీ దుకాణం వద్దు, నీ సూరేకారం వద్దు. ఆ ఒక్క కొమ్మ చాలు నాకు. పూసిందా లేదా అంటే పూసింది. ఆయన మాట మీద ఆయన్ను నిలబెడ్త. జరుగు."

"జర సేపు వదినా. ఇంకా చెప్పేదున్నది."

"చెయ్యి ఇడువు శ్రీపతీ. నలుగురు చూస్తున్నరు."

"ఇంకొంచెం సేపు. నీ కాల్మొక్త."

"ఇన్ని దినాలు కడుపుల దాచుకున్నోనివి, నేను ఇంటికి పోదామని లేవంగనే ఎందుకు చెప్పినవ్?"

"ఊకెనే..."

"ఊకెనే కాదు. ఎందుకు చెప్పినవ్?"

"చెప్తే కోపానికొచ్చి ఈడనే నాతోని కొట్లాడుతవనుకున్న వదినా. మనం ఇటు రాంగనే చెట్లు కొట్టే ఎల్లేశం రంపం పట్టుకొని పెరట్లకు వచ్చిండు. చెట్టు పడేదాక నిన్ను ఇంటికి రానియ్యొద్దన్నడు అన్న."