మంట అంటుకోని సీసా

పందొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఒకటవ తేదీన మా జీవ ఇంధన పరిశోధనశాలలో సహాయ విశ్లేషకురాలిగా చేరిన మా మేడమ్ గారు, ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ప్రధాన విశ్లేషకురాలిగా ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి రాసే అర్హత నాకుందో లేదో తెలియదు. ఒకప్పుడు వారిని దొంగను చూసినట్టు చూసినవాణ్ణి.

తొలి పదేళ్లు పేడ, కూరగాయల వ్యర్థాల నుంచి వెలువడే వాయువును కొలిచిన మేడమ్, తరువాత సూక్ష్మశైవలాల విభాగానికి వచ్చారు. నిలవ నీటిని పచ్చగా మార్చే ఆ కంటికానని నాచు కణాల గోడ మహా గట్టిది. ముందుగా వేడితోనో ఆమ్లంతోనో దాన్ని ఛేదిస్తే తప్ప వాయువును పుట్టించే సూక్ష్మజీవులకు లోపలి ఆహారం సరిగా అందదు. ఎవరు ఏ ఫలితం తెచ్చినా "మళ్లీ చెయ్యండి" అనడం వల్ల వారికి 'అనుమానాల మేడమ్' అనే బిరుదు స్థిరపడింది.

నేను చేరిన రెండో ఏట, ఆమ్లంలో నానబెట్టిన నాచు పోసిన నా సీసాలలో వాయువు రెండింతలైంది. ఆ పద్ధతితోనే పెద్ద ప్లాంటు కట్టిద్దామని సంచాలకులు సంబరపడ్డారు. మేడమ్ మాత్రం పెదవి విరిచారు. మర్నాటి నుంచి నాకంటే ముందే వచ్చి నా సీసాల దగ్గర తచ్చాడసాగారు. నా ఎదుగుదల ఓర్వలేక ఏదో కలుపుతున్నారన్న అనుమానం నన్ను తొలిచేసింది. ఎవరైనా విప్పితే తెలిసేలా, మూత నుంచి సీసా మెడ దాకా పెన్సిలుతో సన్నని గీతలు గీశాను. మూడో రోజు ఒక సీసా మూత మీది గీత మెడ మీది గీతతో కలవలేదు.

"నా సీసా ఎందుకు విప్పారు మేడమ్?" అని నిలదీశాను.

"విప్పాను బాబూ. అంకెలు దిద్దుతున్నావేమో అనుకున్నా. దిద్దలేదులే. కానీ గ్యాస్ ఎంతొచ్చిందో చూశావు, మండుతుందో లేదో చూశావా?"

నా ఎదుటే పరీక్షించారు. మామూలు నాచు సీసాలోని వాయువు నీలిమంటతో వెలిగింది. నా సీసాలోది అగ్గిపుల్లనే ఆర్పేసింది.

"క్షారం కలిపి ఆమ్లం ఘాటు తగ్గించకుండా పోసేశావు కదూ? సూక్ష్మజీవుల కోసం సీసాలో కలిపే మురుగులో ఉన్న సోడా లవణాలతో కలిసి బుసబుసా పొంగింది. తాగే సోడాలో ఉండే గ్యాసే ఇది."

"సంచాలకులకు చెప్పేశారా?" అన్నాను.

"నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వే వెళ్లి చెప్పు."

చెప్పాను. ప్లాంటు ఆగింది. సంచాలకులు నెల రోజులు నాతో ముభావంగా ఉన్నారు. రెండేళ్లకు, వేడితో శుద్ధి చేసిన నాచు నుంచి మండే వాయువు నిజంగానే మూడో వంతు పెరిగింది. మేడమ్ నాలుగుసార్లు స్వయంగా కొలిచి, అయిదోసారి సంతకం చేశారు.

ఈ వీడ్కోలు సంచికకు వివరాలు అడగబోతే వారి భర్తగారు, "మీరు నయం. ఇంట్లో పాలు విరిగినా మొదటి ముద్దాయిని నేనే" అన్నారు.

ఆ గీతల సంగతి మేడమ్‌కు నేనెన్నడూ చెప్పలేదు. ఇందరి సమక్షంలో ఇప్పుడు ఒప్పుకుని, క్షమాపణ వేడుకుంటున్నాను. వారు సంపూర్ణ ఆరోగ్యంతో, ఎవరి ఫలితాలూ సరిచూడనక్కర్లేని నిశ్చింతతో, నిండు నూరేళ్లు ఆనందంగా జీవించాలని మనసారా కోరుకుంటున్నాను.