వంటావార్పు నాడు భిక్షపతి కోసిన టమాట

బస్సులు బందయిన కాడి నుంచి దిల్‌సుఖ్‌నగర్‌లో కౌసల్యమ్మ ఛాయ్ బండికి గిరాకీ పెరిగింది. సకల జనుల సమ్మెలో ఉన్న ఆర్టీసీ డ్రైవర్లు పొద్దున టెంట్ కింద కూర్చుని నినాదాలిచ్చి, గొంతు ఎండిపోగానే అక్కడికి చేరేవాళ్లు. వాళ్లలో భిక్షపతి ఒకడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్‌లో స్థిరపడ్డాడు. ఏళ్ల తరబడి 'డ్రైవరుతో మాట్లాడరాదు' అన్న బోర్డు పక్కన కూర్చుని బస్సు నడిపిన మనిషి. లోపల పేరుకున్న ముచ్చట్లన్నీ ఈ సమ్మెలో బయటికొస్తున్నాయి.

ఆ రోజు బండి దగ్గర ఆటో తోలే జైపాల్ ఉన్నాడు. సైదాబాద్ నుంచి నడిచొచ్చి బెంచీ మీద కూలబడ్డ ముసలి పోచయ్య ఉన్నాడు. ఎల్బీ నగర్ పోవడానికి జైపాల్ ఆటోలో ఇంకో ఇద్దరు నిండే దాకా ఆగిన ఒక నడివయసు ఆమె కూడా ఉంది. పేరు లలితకుమారి అనీ, విజయవాడ వైపు మనిషనీ, ఇక్కడ చెల్లెలింటికి వస్తూ పోతూ ఉంటుందనీ కౌసల్యమ్మ ఛాయ్ పోస్తూనే అడిగి తెలుసుకుంది.

కౌసల్యమ్మ ఆమ్లెట్ కోసం టమాట తరుగుతోంది. భిక్షపతి గ్లాసు కింద పెట్టాడు.

"గదేంది కౌసల్యక్కా, టమాటను గట్ల సంపుతున్నవు? జర ఆగు. కత్తి గట్టిగ ఒత్తొద్దు, రంపం లెక్క మెల్లగ లాగాలె. మా ఇంటెనక నాలుగు చెట్లున్నయి, పాత పెయింట్ డబ్బాలల్ల పెట్టిన, గవ్విటి టమాట నువ్వు ఒక్కసారి తింటే ఇగ మార్కెట్ టమాట ముట్టవు. పొద్దుగాల ఎండ పడకముందే తెంపాలె, ఫ్రిజ్జుల పెట్టొద్దు, పెడితే దాని పానం పోతది. తెంపి, అంగికి తుడిసి, డబల్ రొట్టెకు వెన్న రాసి, వేలు మందం ముక్క పెట్టి, ఉప్పు, మిరియాల పొడి. గంతే. కొరికినవంటే రసం మోచెయ్యి దాకా కారాలె. కారకపోతే అది సాండ్విచ్చే గాదు."

"మేం కారం లేంది తినంగదనే," అంది కౌసల్యమ్మ.

"కారం దానికి వేరే తీరు ఉంది. కొత్తిమీర, పుదీన, పచ్చిమిర్చి రోట్ల నూరి, అది రాసి, మీద సన్నగ ఉల్లిగడ్డ, మీద టమాట. ఇగ మూడోది నా సొంతం. పల్లికారం సల్లి, నెయ్యి రాసి, పెనం మీద పెట్టి, పైన నీళ్ల చెంబు బరువు పెట్టాలె. రెండు దిక్కుల ఎర్రగ కాలితే లోపల టమాట సగం ఉడుకుతది, సగం ఉడకది. డబల్ రొట్టె లేదనుకో, రాత్రి మిగిలిన జొన్న రొట్టెల వెల్లిపాయ కారం పూసి టమాట మడత పెట్టు, అది అన్నిటి కంటె మించిందే. గీ సాండ్విచ్ తోనే గద నేను మొన్న వంటావార్పు నాడు ఎల్బీ నగర్ చౌరస్తాల మన ఇజ్జత్ కాపాడింది."

"ఇజ్జతా?" అన్నాడు జైపాల్. అతను ఆ రోజు ఊళ్లో లేడు.

"నీకు తెల్వది తమ్మి, చెప్త ఇను. తొలకరి దినాలు. తెలంగాణ కోసమని అందరం రోడ్డు మీదనే వంట జేసి, రోడ్డు మీదనే తిందామని పెద్ద పెద్ద గంజులు తెచ్చినం. ఇటుకల పొయ్యిలు పెట్టినం, బియ్యం పోసినం, పప్పు పెట్టినం. బండ్లన్నీ ఆగినయి. విజయవాడ రోడ్డు మీదికెళ్లి ఒచ్చే బస్సులు వరుసగ నిలబడ్డయి. అన్నం సగం ఉడికిందో లేదో, వాన. మామూలు వాన గాదు. పొయ్యిలన్నీ సల్లారినయి, కట్టెలు నానినయి, గంజులల్ల అన్నం కంటె నీళ్లెక్కువయినయి. చిన్న పిల్లలు ఏడుస్తున్నరు. వంటావార్పని పిలిచి ఆకలితోటి పంపితే మనకేం ఇజ్జతుంటది? అప్పుడు నేను లేచిన. 'జర ఆగుండ్రి, మా ఇంటెనక టమాటలున్నయి' అన్న. స్కూటరేసుకొని సరూర్‌నగర్ పోయిన, గంపెడు తెంపిన."

"నాలుగు చెట్లకు గంపెడా?"

"తమ్మి, చెట్టంటే నువ్వు చూసిన చెట్టనుకుంటున్నవా? మా చెట్టెక్కాలంటే నిచ్చెనుండాలె. అయితే గంప నింపి స్కూటర్ దిక్కు తిరిగిన్నో లేదో, ఎనక ఏదో పెద్దగ చప్పుడైంది. చూస్తే, కింద కొమ్మకు ఒకటే ఒక టమాట, వాన నీళ్లు తాగి తాగి ఉబ్బుతున్నది. నా కండ్ల ముందటనే గుమ్మడికాయంత అయింది. నేను బీడీ ముట్టిచ్చేటాళ్లకు నీళ్ల డ్రమ్మంత అయింది. గోడకు తాకింది, గోడ పగిలింది."

"మొన్న మీ గోడ వానకు కూలిందన్నవు గదనే?" అంది కౌసల్యమ్మ.

"వానకే అన్న. వాన పడే గద టమాట ఉబ్బింది. ఇగ దాన్ని గంపల ఎట్ల పెడత? రోడ్డు మీద దొర్లిచ్చిన. నేను ఎనక దొబ్బుడు, అది ముందట దొర్లుడు. కొత్తపేట పండ్ల మార్కెట్ కాడికి ఒచ్చేసరికి హమాలీలు ఏదో కొత్త పండు దిగిందని కాంటా తెచ్చిండ్రు. కాంటా ఇరిగింది. సిగ్నల్ కాడ కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టిండు, పెట్టి మల్ల తనే పక్కకు జరిగి సెల్యూట్ కొట్టిండు. గా తర్వాత ఏమైందో ఎర్కేనా?"

"ఏమైంది బిడ్డా?" అన్నాడు పోచయ్య. చేతిలోని ఛాయ్ సంగతి ఆయన ఎప్పుడో మర్చిపోయాడు.

"చౌరస్తా చేరినం. కొయ్యాలె గద? కత్తి ఏడ సరిపోతది? టింబర్ డిపో నుంచి రంపం తెప్పిచ్చిన. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. నేను నడుమ నిలబడి 'ఒత్తకుండ్రి, మెల్లగ లాగుండ్రి' అని చెప్తున్న. ఒక్కొక్క ముక్క లారీ టైరంత ఒచ్చింది. గంత ముక్కకు డబల్ రొట్టె ఎవడు జేస్తడు? బేకరీల ఉన్న రొట్టెలన్నీ తెచ్చి రోడ్డు మీద పరుపు లెక్క పరిచినం. వెన్న చెంచాతోటి రాస్తే తెల్లారుతది. పెయింట్ ఏసే రోలర్ తెప్పిచ్చి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు రాసిన. ఉప్పు మీదికెళ్లి సల్లనీకి ఒక పిలగాన్ని కరెంట్ స్తంభం ఎక్కిచ్చిన."

"వానల ఉప్పు కరుగదా?" అన్నాడు జైపాల్.

"కరిగింది. అందుకే ఉప్పు సమంగ పట్టింది. నువ్వు చేతితోటి చల్లు, ఒక దిక్కు ఎక్కువైతది, ఒక దిక్కు తక్కువైతది. ఇగ మూడో తీరు చెప్పిన చూడు, బరువు పెట్టి ఒత్తేది? గంత దానికి చెంబు ఏం సరిపోతది. రోడ్డు పని కాడ రోడ్ రోలర్ నిలబెట్టి ఉంది. డ్రైవర్ లేడు. నేను డ్రైవర్ని గదా. ఎక్కిన, నడిపిన. ఒక్కసారి పోయి ఒక్కసారి ఒచ్చిన. అంచులు సుత ఇరగలే."

కౌసల్యమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లలితకుమారి ఛాయ్ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని భిక్షపతి ముఖం వైపే చూస్తోంది. అది చూసి భిక్షపతికి ఇంకింత ఊపు వచ్చింది. ఆమె వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు.

"గంతల పోలీసోళ్లు ఒచ్చిండ్రమ్మా. వ్యాన్లల్ల దిగిండ్రు, లాఠీలు పట్టుకున్నరు. నేను బెదరలే. రెండో తీరు దానికి చట్నీ కలపాలె, డ్రమ్ముల కొత్తిమీర పుదీన ఏసి ఉంది, కలపనీకి కట్టె లేదు. 'సార్, జర ఆ లాఠీలియ్యుండ్రి' అన్న. ఇచ్చుడు గాదు, వాళ్లే కలిపిండ్రు. పెద్ద సారు నా చెవుల 'నాకు ఉల్లిగడ్డ లేకుంట ఒకటి కట్టిస్తవా, మా ఇంట్ల పూజ ఉంది' అన్నడు. కట్టిచ్చిన."

"మరి రసం?" అన్నాడు పోచయ్య. "గంత కాయ కోస్తే రసం ఎటు పోయింది?"

"మంచి మాట అడిగినవు తాతా. వీళ్లకెవ్వరికి ఆ సోయి లేదు. రసం కాలువ గట్టింది. ఎల్బీ నగర్ నుంచి పారుకుంట పారుకుంట సరూర్‌నగర్ చెరువుల పడ్డది. చెరువు ఎర్రగయింది. మూడు కాలనీల ఆడోళ్లు బిందెలు తెచ్చుకొని ముంచుకపోయి, ఇంత చింతపండు పిసికి, పోపు పెట్టి చారు కాచుకున్నరు. ఇప్పటికి గుడ అక్కడ చేప కూర వండితే పులుపు ఏసే పని లేదు. గా తర్వాత ఏమైందో ఎర్కేనా? ఫోనొచ్చింది."

"ఎక్కడినుంచి?" అన్నాడు జైపాల్.

"ఢిల్లీ."

జైపాల్ బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని సర్దుకు కూర్చున్నాడు.

"పేరు అడగకుండ్రి, నేను చెప్పను. వాసన అక్కడి దాంక పోయిందంట. 'భిక్షపతి, రాష్ట్రం సంగతి మేం చూసుకుంటం, ముందుగాల ఆ సాండ్విచ్ ఎట్ల చేస్తరో చెప్పు' అన్నరు. నేను హిందీల మొదలుపెట్టిన, 'దేఖో సాబ్, టమాటర్ ఫ్రిజ్ మే నై రఖ్నా' అన్నంత వరకు అన్న. ఫోన్ల చార్జింగ్ అయిపాయె."



"అంటే అన్నా," అన్నాడు జైపాల్, "గిప్పుడు మీరు జీతం లేక సమ్మె చేసుడు, నేను ఆటో నిండక గిట్ల కూసునుడు, అంత నీ చార్జింగ్ వల్లనేనా?"

"నా తప్పేముంది తమ్మి, కరెంటు లేకుండె ఆ రోజు." భిక్షపతి ఏమాత్రం తడబడలేదు. "ఇంక అసలుది చెప్పలే. ఆగిన బస్సులల్ల ఆంధ్రోళ్లు ఉండిరి గద, వాళ్లు చూసిండ్రు. కిందికి దిగిండ్రు. వందల మంది. నా సుట్టు మూగిండ్రు. 'అన్నా, మాకొకటి, అన్నా, మాకొకటి' అని. నేను ఒక్కన్నే, ఒంటి చేత్తోటి, ఎవ్వరికి తక్కువ గాకుంట..."

"ఆ బస్సుల్లో ఒకదాంట్లో నేనున్నానండీ," అంది లలితకుమారి.

భిక్షపతి చెయ్యి గాల్లోనే ఆగింది.

ఆమె గొంతులో ఎగతాళి లేదు. గ్లాసు బండి మీద పెట్టి నెమ్మదిగా చెప్పింది.

"మేమెవరం కిందికి దిగలేదండీ. గొడవేదన్నా జరుగుద్దేమోనని కిటికీలన్నీ వేసేసుకుని కూర్చున్నాం. మా యాస వింటే ఏమంటారోనని పిల్లల్ని కూడా నోరు మూసుకోమన్నాం. పొద్దున్నుంచీ తిండి లేదు. నా పక్కన కూర్చున్న పిల్ల ఏడుపు ఆపట్లేదు. అప్పుడొకావిడ వచ్చి అద్దం మీద తట్టింది. చేతిలో స్టీలు పళ్లెం. 'వాన పడి వంట ఆగింది, ఇవి తినుండ్రి' అంది. నాకు భయమేసి ముందే చెప్పేశాను, మేం విజయవాడ వాళ్లమండీ అని. 'అయితే కారం ఎక్కువున్నా తింటరు' అని ఇంకోటి పెట్టింది."

కౌసల్యమ్మ తరగడం ఆపేసింది.

"మా బస్సు పక్కనే చిన్న బల్ల వేసుకుని చేసిందండీ. టమాటాలు చిన్నవే. చేతిలో పట్టేంత. పైన మీరు చెప్పిన పల్లీల కారమే. అయిపోతే మళ్లీ కోసేది, మళ్లీ పంచేది. ఆవిడ వెనకాల ఒకాయన గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగంతా ఆవిడ మీదికీ, ఆ రొట్టెల మీదికీ పట్టాడు. తను మాత్రం నిండా తడిసి ముద్దయిపోయాడు. అంత వానలోనూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. ఏడుస్తున్న పిల్ల ఆయన మాటలు వినే నవ్వింది." ఆమె కొద్దిగా నవ్వింది. "ఇందాకట్నుంచీ ఈ గొంతు ఎక్కడ విన్నానా అనుకుంటున్నాను."

జైపాల్ భిక్షపతి వైపు చూశాడు. "అంటే టమాట కోసింది వదిన."

"పల్లికారం సల్లింది వదిన," అంది కౌసల్యమ్మ.

"పంచింది వదిన," అన్నాడు జైపాల్. " నువ్వు గొడుగు పట్టినవు."

"మరి రోడ్ రోలర్?" అన్నాడు పోచయ్య, కొంచెం దిగులుగా.

భిక్షపతి చల్లారిపోయిన ఛాయ్ ఒక్క గుక్కలో తాగేశాడు. చొక్కా మొదటి గుండీ ఊడదీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆవిడ పేరు అడగడం మర్చిపోయానండీ ఆ రోజు," అంది లలితకుమారి. "బస్సు కదిలిపోయింది."

"ఈరమ్మ. మా ఇంటామె." భిక్షపతి మోచెయ్యి పైకెత్తి చూసుకున్నాడు. "చెయ్యి మస్తు గుంజిందమ్మా ఆ దినం."

"ఎంతసేపు పట్టినవే గొడుగు?" అన్నాడు జైపాల్.

భిక్షపతి నోరు తెరిచాడు. లలితకుమారి ముఖం చూశాడు.

"వాన తగ్గేదాక," అన్నాడు.