ఆదివారం ఆటకు ముందు కొండ ఎన్నిసార్లు ఎక్కాలి

రగ్బీ తెలియని వాళ్ల కోసం ముందు ఒక మాట చెప్పి కథలోకి వస్తాను. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని పరుగెత్తి, అవతలి వాళ్ల గీత దాటి, నేలకు ఆనించాలి. తోటి మనిషికి ఇవ్వాలంటే వెనక్కే విసరాలి, ముందుకు విసిరితే తప్పు. అవతలి వాళ్లు ఊరుకోరు, నడుము పట్టుకుని పడేస్తారు. మా పెనుకొండ ఆడపిల్లలు ఆడేది ఏడుగురి ఆట. అటు ఏడు నిమిషాలు, ఇటు ఏడు నిమిషాలు. ఇంతేనా అని నేనూ అనుకున్నాను, ఒక ఆట కూర్చుని చూసేదాకా.

దసరా నుంచి ఆడుతూనే ఉన్నారు. ఇప్పుడు ఫిబ్రవరి. ఈ ఆదివారం ధర్మవరంలో ఆఖరి ఆట, గెలిస్తే రాష్ట్ర పోటీలకు పోతారు. జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేది మాధవి. ఆ పిల్లకు ఇదే చివరి ఏడాది, పద్దెనిమిది దాటితే ఈ జట్టులో ఆడనివ్వరు. పోయిన ఆదివారం గెలిచారు గాని, రెండో సగంలో పిల్లలకు కాళ్లు ఆడలేదు. మాధవి కూడా రెండుసార్లు వెనకబడింది. వాళ్లకు నేర్పే వెన్నెలకు అప్పటి నుంచి ఒకటే దిగులు. కష్టం తక్కువై అట్లా అయిందా, ఎక్కువై అయిందా?

గురువారం సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక పిల్లలందరూ కొండ కింద ఆదెమ్మ టీ అంగడికి వచ్చారు. బల్ల మీద రామాంజి ఉన్నాడు. రామగిరి బంగారు గనిలో పనిచేసి వచ్చినవాడు, నోరు తెరిస్తే మూయడు. పక్కనే ఏసురత్నం, అదే గనిలో అదే షిఫ్టులో పనిచేసినవాడు, నోరు మూస్తే తెరవడు. ఇద్దరి మధ్య నలభై ఏళ్ల స్నేహం అట్లాగే సాగింది. నేను ఆ చివర కూర్చున్నాను.

వెన్నెల విజిల్‌ను మెడలో అటూ ఇటూ తిప్పుతూ తన దిగులు చెప్పుకుంది. "ఇంకా రెండు దినాలే ఉండాది తాతా. రేపూ ఎల్లుండీ కొండ ఎక్కిద్దామా, వదిలేద్దామా అని తెగడం లేదు."

రామాంజి గ్లాసు కింద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే కథ మొదలైనట్టే.

"అడగాల్సిన మనిషినే అడిగినావు తల్లీ. ఈ రగ్బీ ఈడికి ఇప్పుడొచ్చిందని అందరూ అనుకుంటాండారు. ఎనభై ఆరులోనే మా గనిలో ఆడినాము. కలకత్తా నుంచి ఒక ఇంజనీరు వచ్చె, ఆయప్ప పెట్టెలో గుడ్డు మాదిరి బంతి. మేము ఏడుమందిమి తయారైతిమి, నేను కెప్టెను. కావాలంటే ఈ ఏసురత్నాన్ని అడుగు."

ఏసురత్నం తల ఊపాడు. అది నిజమే కాబట్టి.

"ఆ ఏడంతా ఆడితిమి, గెలిస్తిమి. ఆఖరికి బెంగళూరు జట్టు హిందూపురానికి వస్తాంది మాతో ఆడేదానికి. ఇంగ ఐదు దినాలు ఉండాది. మా వాళ్లంతా ఒళ్లు నొప్పులప్పా, రెస్టు తీసుకుందాము అనిరి. నేనేమన్నానో తెలుసా? ఒళ్లు నొస్తాండాదంటే ఇంగా సరిగా నొప్పి పుట్టలేదని అర్థము, పదండ్రా పెనుకొండకి అంటి. మొదటి దినము ఈ కొండ రెండుసార్లు ఎక్కి దిగితిమి."

"రెండుసార్లా?" అంది వెన్నెల. ఆ పిల్ల గొంతులో లెక్క వేసుకుంటున్న ధ్వని.

"అది వేడెక్కేదానికి తల్లీ. రెండో దినము నాలుగుసార్లు. ఊరికే ఎక్కితే ఏముంది, తలా ఒక రుబ్బురోలు నెత్తిన పెట్టుకుని ఎక్కితిమి. పైకి పోయినాక ఆకలైతాది కదా, ఆడనే బియ్యమూ ఉద్దిపప్పూ వేసి రుబ్బి, దోసెలు పోసుకుని తిని, మళ్ల రోళ్లు ఎత్తుకుని దిగితిమి."

"పెనం ఎవరు మోసిరి మామా?" అంది ఆదెమ్మ, టీ వడగడుతూ.

"పెనమెందుకు ఆదెమ్మా, మే నెల ఎండకు బండే పెనము. ఒకపక్క కాలేలోపల రెండోపక్క కూడా కాలిపాయ, తిరగేసే పనే లేదు. చట్నీ లేదని ఈ ఏసురత్నం అలిగె, అదొకటే కొరత."

పిల్లలు నవ్వారు. మాధవి కూడా నవ్వింది, ఒక చేత్తో తొడ అదుముకుంటూ. ఆటలాడే పిల్లలకు అలవాటే కదా అని నేను పట్టించుకోలేదు. ఏసురత్నం మాత్రం చూశాడని తరువాత తెలిసింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో దినము ధర్మవరం పోతిమి. స్టేషన్లో హిందూపురం పోయే రైలు నిలబడి ఉండాది. డ్రైవరుతో అంటి, ఏమప్పా, పందెమా అంటి. ఆయప్ప నవ్వె. కూత వేసె, మేము పట్టాల పక్కన దావ పట్టితిమి. మొదట్లో ఇంజను ముందుంటాంది, అబద్ధమెందుకు చెప్పల్ల. పెనుకొండ వచ్చేలోపల సమానమైతిమి. ఆడ రైలు ఆగె కదా, మర్యాదగా మేమూ ఆగి, టీ తాగి, గ్లాసులు కడిగిచ్చి మళ్ల పోతిమి. హిందూపురం స్టేషన్లోకి మేము పోతే, స్టేషన్ మాస్టరు టికెట్లు చూపించండి అనె. సార్, రైలే ఇంగా రాలేదు, టికెట్టు యాడిది అంటిమి. ఆయప్ప గడియారం చూసుకునె, పట్టాలు చూసె, మమ్మల్ని కూర్చోమని మజ్జిగ ఇప్పించె. మజ్జిగ అయిపోయినాక రైలొచ్చె."

"ఆ పరుగుకు మీ చెప్పులు ఏమైనాయి తాతా?" అంది వెనక నుంచి ఒక పిల్ల.

"చెప్పులు మరుసటి దినము వచ్చినాయి. చెప్పులే గాదు పాపా, నాలుగో దినము ఇంకో విచిత్రము. ఎంత బిన్నా పరుగెత్తితిమంటే, మా నీడలు మాతో రాలేకపాయ. టీచరమ్మా, మీరు చెప్పండి, మనిషి ముందర పోతే నీడ ఎంత దూరమని పోతాది?"

"నీడకు కాళ్లుండవు రామాంజీ. వెలుతురుకు మనిషి అడ్డం వస్తే నేల మీద పడే చీకటి, అంతే," అన్నాను. ముప్పై మూడేళ్లు బడిలో చెప్పిన మాట, నోటికి వచ్చేసింది.

"అదే నేననేది. అడ్డం ఉండేలోపలే మేము దాటిపోతే అది యాడ పడల్ల? ఏడుమందీ నీడల్లేకుండా ఇండ్లకు పోతిమి. మా అమ్మ చూసి దయ్యమనుకుని తలుపేసె. పొద్దు గుంకేటప్పటికి నీడలు ఆయాసపడుకుంటా వస్తే, అప్పుడు తీసె. ఇంగ ఐదో దినము గని లోపల పరుగు. చీకట్లో పోతా పోతా మలుపు తిరిగేది మరిస్తిమి. మరిస్తే ఏమైతాది, నేరుగా రాయిలోకే పోతిమి. రాయి దావ ఇచ్చె. తల పైకెత్తి చూస్తే కనగానపల్లి, ఒక రైతు శనక్కాయ చేను. ఆయప్ప ఏమీ ఆశ్చర్యపడలేదు, ఎట్లాగూ నేలలోంచి లేచినారు గదా, రొంత కలుపు తీసి పోండి అనె. తీసితిమి."

ఆదెమ్మ పొయ్యి మంట తగ్గించి వచ్చి నిలబడింది. "మరి మ్యాచి?"

"మ్యాచా? అది ఆట కాదు తల్లీ, పాపము. ఈలేసినారు, నేను బంతిని ఒక తన్ను తన్నితి. పాయ. బెంగళూరోళ్లు తలలు పైకెత్తి చూస్తాండారు, ఇప్పుడొస్తాది, ఇప్పుడొస్తాదని. మబ్బుకు తగిలినట్టుండాది, మడకశిరలో వాన పడె. మొదటి సగం అయిపాయ, బంతి రాలేదు. నారింజ కాయలు తినిరి. రెండో సగంలో అది దిగొచ్చి, వాళ్ల గీత అవతల మెల్లగా, కోడి గుడ్డు పెట్టినట్టు కూర్చునె. మిగతా బంతులతో మేము ఆడితిమి. నూట పన్నెండు, సున్నా. వాళ్ల కెప్టెను నా దగ్గరికి వచ్చి, గురువుగారూ, ఈ బలం ఎట్ల వచ్చిందనె. నేనేమన్నానో తెలుసా? అయ్యా, ఆఖరి ఐదు దినాలు కొండ అంటి."

అక్కడ ఆగి, గ్లాసు అందుకుని, మిగిలిన టీ తాగాడు. పిల్లలు నవ్వుతున్నారు. వెన్నెల కూడా నవ్వింది గాని, ఆ నవ్వు ముందుగా ఆగిపోయింది.

ఇక్కడ ఒకటి గమనించాలి. కోతల్లో అపాయం నమ్మలేని భాగంలో ఉండదు. రైలునూ నీడలనూ ఎవరూ నమ్మరు. మొదట్లో చెప్పిన చిన్న మాట మాత్రం మనసులో దిగి కూర్చుంటుంది.

"కొండ ఎక్కినది మాత్రం నిజమే కదా తాతా?" అంది వెన్నెల.

"ఏసురత్నాన్ని అడుగు."

"ఎక్కినాము," అన్నాడు ఏసురత్నం.

"అయితే సరే," అని వెన్నెల లేచింది. "రేపు పొద్దున ఐదున్నరకు అందరూ కొండ కింద ఉండండి. రెండుసార్లు ఎక్కుదాము. ఎల్లుండి కూడా."

మాధవి టీ తాగేది ఆపి గ్లాసులోకి చూస్తూ కూర్చుంది.

"కూర్చో పాపా," అన్నాడు ఏసురత్నం వెన్నెలతో. ఆయన వరుసగా రెండు మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో, ఆదెమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "కొండ ఎక్కినాము. ఎప్పుడెక్కినామో ఈయప్ప చెప్పలేదు. ఎనిమిది గంటలు కింద రాయి తొలిచి, షిఫ్టు దిగి, లారీలో ఈడికి వచ్చి ఎక్కినాము. మాకు షిఫ్టు షిఫ్టే, ప్రాక్టీసు ప్రాక్టీసే. రెండూ ఒకే కాళ్లతో చేస్తాండామని ఏడుమందిలో ఒక్కనికీ తట్టలేదు."

"ఏసురత్నం," అన్నాడు రామాంజి మెల్లగా.

"ఉండప్పా, ఒక్కసారి చెప్పనీ. మ్యాచిలో మూడో నిమిషము. బంతి నా చేతిలో ఉండాది. గీత పది అడుగులు. ముందర ఒక్క మనిషి లేడు. కాళ్లు రాలేదు. బంతి పట్టుకుని ఆడనే కూర్చుండిపోతి. లెయ్‌రా అని నన్ను లేపేదానికి కెప్టెను పరుగెత్తుకుంటా వచ్చె. వచ్చి, ఆయప్ప నా పక్కన కూర్చునె. ఇంగ లేయలేదు. బెంగళూరు పిల్లలే మా ఇద్దరినీ ఎత్తుకుపోయి చెట్టుకింద పడుకోబెట్టి, కాళ్లు పిసికి, నీళ్లు తాపిరి. మంచి పిల్లలు. నలభై ఏడు, సున్నా. సున్నా మాది."

రామాంజి బల్ల మీద గ్లాసు పెట్టిన తడి గుర్తును వేలితో తుడుస్తున్నాడు.

"నలభై రెండు," అన్నాడు చివరికి. "నలభై ఏడు కాదు."

"సరే, నలభై రెండు," అన్నాడు ఏసురత్నం. తరువాత మాధవి వైపు తిరిగాడు. "ఏమ్మా, మీ ఇంట్లో పట్టుపురుగులు యాడికొచ్చినాయి?"

"ఆఖరి మేత తాతా. ఇంగ మూడు దినాల్లో గూడు కడతాయి."

పట్టుపురుగుల ఇల్లు తెలియని వాళ్లకు ఇది చెప్పాలి. పురుగు తన జన్మంతా తినేదాంట్లో చాలావరకు ఆ చివరి వారంలోనే తింటుంది. రాత్రీ పగలూ మేయడమే. ఒక పూట మల్బరీ ఆకు ఆలస్యమైతే గూడు పలచనవుతుంది, హిందూపురం మార్కెట్లో ఆ గూళ్లను వేలితో నొక్కి పక్కన పెడతారు.

"ఆకు ఎవరు తెస్తాండారు?"

"నేనే. నాయనకు భుజం పట్టేసింది, ఎత్తలేడు. పొద్దున మూడు మోపులు, సాయంత్రం రెండు."

"తోట ఎంత దూరం?" అంది వెన్నెల.

"కిలోమీటరుంటాదక్కా."

"ఐదు మోపులు మోసి ప్రాక్టీసుకు వస్తాండావా? నాకెప్పుడూ చెప్పలేదే. ఆ కాలు ఎప్పటి నుంచి నొస్తాండాది?"

"పోయిన వారం నుంచి. చెప్తే బద్ధకమనుకుంటావేమోనని." మాధవి నిజంగానే అర్థం కానట్టు చూసింది. "ఆకు మోసేది ఇంటి పని కదక్కా. అది ప్రాక్టీసు కాదు కదా."

వెన్నెల ఒక్కొక్కరి దగ్గరికీ పోయి పొద్దున్నుంచి ఏం చేశావని అడిగింది. ఒక పిల్ల గొర్రెల వెంట గుట్ట తిరిగి వచ్చింది. ఇంకొకతె నాలుగు కిలోమీటర్లు నడిచి కాలేజీకి పోయి, నడిచే వచ్చింది. ముగ్గురు శనక్కాయలు వలిచే దగ్గర నాలుగు గంటలు కూర్చుని లేచారు. ఎవరూ అదొక పనిగా చెప్పలేదు, ఏమీ చేయలేదక్కా అనే మొదలుపెట్టారు. వెన్నెల తిరిగివచ్చి బల్ల మీద కూర్చుని, మెడలో విజిల్ తీసి సంచిలో వేసింది.

"రేపు కొండ లేదు. ఎల్లుండీ లేదు. సాయంత్రం వచ్చి ఇరవై నిమిషాలు బంతి విసురుకుందాము, అంతే. మాధవీ, నువ్వు అది కూడా వద్దు, వచ్చి కూర్చో. కాలికి రెస్టు ఇస్తేనే ఆదివారం నువ్వు దిగేది."

"ఆకు ఎట్లక్కా మరి?" అంది మాధవి. "పురుగు ఆగదు కదా."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, వాళ్లూ అలిసిన కాళ్లవాళ్లే.

"నేను తెస్తా," అన్నాడు రామాంజి.

అందరూ ఆయన వైపు చూశారు. ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి.

"మోపు ముప్పై కేజీలు ఉంటాది తాతా," అంది మాధవి.

"ముప్పై కేజీలు ఒక బరువామ్మా. గనిలో ఉన్నప్పుడు నేను ఒక్క చేత్తో," అని మొదలుపెట్టి ఏసురత్నం వైపు చూశాడు. ఏసురత్నం తన టీ తాగుతున్నాడు. రామాంజి గొంతు తగ్గించి మాధవితో అన్నాడు.

"రొంత చిన్న మోపు కట్టు తల్లీ."