నైరుతి తూము

"అవ్వా, ఇంటి ప్లానుల వాన నీళ్లకు నైరుతి దిక్కే మోరీ ఇడువాలంటున్నరు మున్సిపాలిటోళ్లు. వాస్తు జూసేటాయనేమో, ఇంట్ల నెలలు నిండిన మనిషున్నది, ఆ దిక్కు మూసెయ్యమంటుండు. ఏం జెయ్యమంటవ్?"

మూస్తవా? ఆగు బిడ్డా, జర కూసో. గీ మాట నేనొగసారి ఇన్న, మా ఇంట్లనే.

మాది మునగాల దిక్కు ఊరు గదా. రజాకార్ల భయంతోని ఊర్లు ఖాళీ జేసిన ఏడు... కాదు కాదు, ఆ మరుసటేడు. నైజాం సిక్క రూపాయలే నడుస్తుండె ఇంక. నాకు ఎనిమిదేండ్లో, తొమ్మిదో. మా నాయిన కొత్తిల్లు గట్టిండు. మట్టి గోడలు, మీద గూన పెంక. పెంక మిర్యాలగూడ దిక్కుకెల్లి బండ్ల మీద దెచ్చిండ్రు. వెయ్యికి ఎంత వెట్టిండ్రో యాదికొస్తలేదు, అప్పటి ధరలు జెప్తె నువ్వు నవ్వుతవ్.

మా ఊర్ల ఒగ కట్టుబాటుండె. ఎగువింటి వాన నీళ్లు మన వాకిట్లకు రావాలె, మన వాకిట్లకెల్లి దిగువింటికి, ఆడికెల్లి కుంటకు. అందుకని ప్రతి ప్రహరీ అడుగున ఒగ తూము ఇడుస్తుండిరి, పిల్లి దూరేటంత. కాయితం లేదు, సంతకం లేదు, అందరు ఇడుస్తుండిరి.

మా తూము నైరుతికి వడ్డది, పల్లం అటే గదా. అమ్మకు నా ఎనుక ఇద్దరు మొగపిల్లలు పుట్టి పోయిండ్రు, అప్పుడు మల్ల కడుపుతోని ఉండె. ముహూర్తం వెట్టినాయన ఏమన్నడు? నైరుతికెల్లి నీళ్లు పోతే కొడుకులు పోతరన్నడు. ఇంకేంది, నాయిన ఆ తూముల రాళ్లు గొట్టి మట్టితోని మెత్తిండు, ఈశాన్యంల కొత్తది వెట్టిండు. కొడుకు కోసం గదా అని ఊరోళ్లు గూడ ఊకున్నరు. గోడలు వెట్టిన ముత్తయ్య మామ ఒక్కడే మొత్తుకున్నడు, "నీరు పల్లమెరుగు బావా, అది దిక్కులెరగదు" అని. ఇంటేనా?

మీ తాత పుట్టిండు. అదే, నా తమ్ముడు. పదకొండో దినం ముసురు వట్టింది. ఇడువలే. మూడో దినం పగటీలికి వాకిలంత చెరువు. ఈశాన్యం తూముల చుక్క పోలే. నీళ్లు గడప ఎక్కినయ్. మట్టి గోడ అడుగు నానితే ఎట్లుంటదో నీకెర్కలే బిడ్డా, సంకటి ముద్దయితది. లోపలర్రల అమ్మ, పిల్లగాడు. గోడకు మన్ను పెల్లలు పెల్లలు ఊడుతున్నది.

నాయిన గడ్డపార వట్టుకోని ఆ మూసిన తూముకాడ నిలవడ్డడు. కొట్టడు. కొట్టకపోతే ఇల్లు కూలుతది, కొడితే కొడుకు పోతడు, గదీ ఆయన భయం. కన్నతండ్రిని తిట్టరాదు, గానీ ఇప్పటికీ నాకు కోపమే.

అమ్మ బయటికొచ్చింది. పచ్చి బాలెంత. పిల్లగాన్ని నా సేతులల్ల వెట్టి, మోకాటి లోతు నీళ్లల్ల దిగి గడ్డపార గుంజుకున్నది. "పోయేటియి నీళ్లయ్యా, నా కొడుకు గాదు" అన్నది. ఎన్ని దెబ్బలేసిందో. రాయి ఊడి నీళ్లు బుస్సుమన్నయ్. దిగువింటోళ్ల తూము తెరిసే ఉండె, సక్కగ పోయి కుంటల వడ్డయ్. ఇల్లు నిలవడ్డది.

తమ్ముడు బతికిండు. అమ్మకు సన్ని గొట్టింది, బాలెంత జరం. సూర్యాపేట దవాఖానకని బండి గట్టిండ్రు. తొవ్వల వాగు నిండుగ పారుతున్నది, బండి దాటలే. ఈ ఒడ్డునే... ఇగ జెప్పలేను.

ఊరోళ్లేమన్నరో ఎర్కనా? నైరుతి తూము తీసింది, పాణం వోయింది అన్నరు. ఆ మాట ఎవ్వలన్నా నాయిన, "తీసినందుకు గాదు, నేను మూసినందుకు" అంటుండె. సచ్చేదాంక గదే మాట.

మోరీ ఇడువు బిడ్డా. ఆ వాస్తాయన్ను నా మీదికి తోలు, నేను జెప్త. నీ ఇల్లు సల్లగుండ, సుకంగ కానుపయి తల్లీ పిల్లా ఏరువడాలె. గానీ ఏనాడన్న వాకిట్ల నీళ్లు నిలిస్తే నువ్వు దిగు... ఆ పిల్లతల్లిని మాత్రం దిగనియ్యకు.