నాటకాన్ని పరిశోధనగా నిలబెట్టిన అనసూర్య గారు

1996 ఆగస్టు ఐదో తేదీన గోదావరిఖనిలోని మన కళాశాల రంగస్థల కళల శాఖలో అధ్యాపకురాలిగా చేరిన ఆచార్య అనసూర్య గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. కమాన్‌పూర్‌లో జన్మించి, భూగర్భ గని కార్మికులైన తండ్రి గట్టయ్య గారి ప్రోత్సాహంతో ఉన్నత విద్యనభ్యసించిన వారు, తొలి దశాబ్దమంతా తరగతి గదిలో బోధిస్తూ, సాయంత్రాలు కార్మిక కాలనీల్లో నాటకాలు ప్రదర్శిస్తూ గడిపారు.

2008లో పరిశోధక మార్గదర్శకురాలైన అనసూర్య గారికి తొలి విద్యార్థి తాబిష్. రంగాలంకరణలో అసాధారణ ప్రతిభావంతుడు. అయితే అతడు రూపొందించిన రంగాలంకరణలు పరిశోధన కిందికి రావని, లిఖిత గ్రంథమే ప్రమాణమని నాటి నిబంధన. కొంతకాలం పెనుగులాడి అతడు బసంత్‌నగర్‌లో ఉద్యోగంలో కుదురుకున్నాడు. "గీయమంటే గీస్త మేడం. గీసిన దాని మీద గన్ని పేజీలు రాయుడు నాతోని గాదు" అని అతడు సెలవు తీసుకోవడం ఆమెను ఎంతో బాధించింది.

ఆ వేదనే వారిని విద్యామండలి సమావేశాలకు నడిపించింది. సృజన కూడా జ్ఞానాన్వేషణేనని, దానిని పరీక్షించే పద్ధతులు ఏర్పరచాలని ఏళ్ల తరబడి వాదించారు. ఎదురు చెప్పిన వారిని రిహార్సళ్లకు పిలిచి కూర్చోబెట్టేవారు. చివరకు 2016లో, ప్రదర్శనను పరిశోధనలో భాగంగా అంగీకరిస్తూ నిబంధన మారింది.

ఆ నిబంధన కింద మొదట చేరిన తిరుమల, గని కార్మిక కుటుంబాల స్త్రీల జీవితాలపై నాటకం సిద్ధం చేస్తూ, బిడ్డ పుట్టాక కళాశాలకు రావడం మానేసింది. పెద్దపల్లిలోని అత్తవారింటికి అనసూర్య గారు స్వయంగా వెళ్లారు. అత్తగారు సారవ్వ అభ్యంతరం చెబుతారని దారి పొడుగునా సమాధానాలు కూర్చుకున్నారు. సారవ్వ చాయ్ ఇచ్చి ఒక్కటే అడిగింది: "పోరిని నేను సూసుకుంట. గానీ గీ నాటకం ఆడితే నా కోడలికి నౌకరొస్తదా, మేడం?"

వస్తుందంటే పని అయిపోయేది. కానీ అనసూర్య గారికి, పట్టా వస్తుందన్న ఆశతో చేరి ఖాళీ చేతులతో వెళ్లిన తాబిష్ గుర్తొచ్చాడు. "వస్తదని మాట ఇయ్యలేనమ్మా. సగంల ఇడిసిపెడితే మాత్రం అడిగేటందుకు గూడ ఏం ఉండదు" అన్నారు.

సారవ్వ ఖాళీ చాయ్ కప్పు అందుకుంటూ అంది: "గట్లయితే పూర్తి చెయ్యనీ. నౌకరి ఫికర్ మాత్రం మీరు గూడ జెయ్యాలె."

ఆ మాటను అనసూర్య గారు బాధ్యతగా స్వీకరించారు. పట్టాతోనే తమ పని ముగియదని గ్రహించి, అధ్యాపక నియామకాల్లో ప్రచురణలతో పాటు నాటకాలు, చిత్రప్రదర్శనలు కూడా అర్హతగా పరిగణించేలా కృషి చేశారు. పట్టా పొందిన కళాకారులు నిలదొక్కుకునే వరకు శాఖలోనే పరిశోధన కొనసాగించే అవకాశం కల్పించారు. పట్టా పొంది, ఆ అవకాశంతోనే నిలదొక్కుకున్న తిరుమల నేడు మన శాఖలో సహాయ ఆచార్యులు. తాబిష్‌ను కూడా వెనక్కి పిలిచారు. సంసార భారం వల్ల అతడు చదువుకు తిరిగి రాలేదు గానీ, సెలవు రోజుల్లో వచ్చి మన విద్యార్థులకు రంగాలంకరణ నేర్పుతున్నాడు. నాడు అతడిని నిలుపుకోలేకపోయిన తన వైఫల్యాన్ని అది పూర్తిగా పూడ్చలేదని అనసూర్య గారు నేటికీ దాపరికం లేకుండా అంటారు.

ఇందరిని రంగస్థలం మీద నిలిపిన ఈ నటి, శాఖాధ్యక్షురాలైన నాటి నుండి ఒక్క వేషమూ వేయలేదు. ఇక ముందేమిటని మొన్న విద్యార్థులు అడిగితే, "ఇగ నా వేషం నేను గట్టుకుంట" అన్నారు. వచ్చే నెల తిరుమల దర్శకత్వంలో ఆమె నటించబోతున్నారు. పాత్ర చిన్నదైందని దర్శకురాలితో అప్పుడే పేచీ కూడా మొదలైందట.

ఆ పేచీ పడే ఓపిక, ప్రేక్షకుల్లో చివరి వరుసకూ వినిపించే ఆ గొంతు చిరకాలం చెక్కుచెదరకుండా ఉండాలని, సంపూర్ణ ఆరోగ్యంతో అనసూర్య గారు నిండు నూరేళ్లు ఆనందంగా జీవించాలని మన కళాశాల కుటుంబం మనసారా కోరుకుంటోంది.