మేస్త్రి విప్పిన పెద్ద గొడుగు

గొడుగుల మేస్త్రి ఆ పరాయిదేశపు ఊళ్లో ఉన్నది మొత్తం నాలుగంటే నాలుగు రోజులు. తిరిగొచ్చి ఏడు నెలలైనా, దాని మాటెత్తితే "మా ఊళ్లో" అనే అంటాడు. గొడుగు గుడ్డ తయారుచేసే కంపెనీవాళ్లు షాపులవాళ్లందరి పేర్లూ రాసి చీటీ తీస్తే ఆయన పేరొచ్చింది. టికెట్టు ఒక్కరికే. ఒక్కడే వెళ్లాడు, ఒక్కడే వచ్చాడు. సాక్షి అంటూ ఎవరూ లేరు. కోతలు కోసేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆరోజు మధ్యాహ్నం మాత్రం ఆయన ఊరికే సరదాకి మొదలుపెట్టలేదు. షాపు పక్కనున్న టీకొట్టు బెంచీ మీద ఎప్పుడూ ఉండే దర్జీ, పోయిన నెల్లో రిటైరైన పోస్టుమాన్‌తో పాటు వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు. మేడలకి స్లాబులు వేయించే కాంట్రాక్టరు. పిల్లల పెళ్లిలో తనవాళ్లకి మేస్త్రిని చూపించి, "మా వియ్యంకుడు, ఏదో చిన్న రిపేర్ల షాపు" అన్నాడు. ఆ "ఏదో" అన్న మాట మేస్త్రికి ఇంకా గొంతు దిగలేదు.

"విదేశం వెళ్లొచ్చారటగా?" అన్నాడు వియ్యంకుడు, టీ ఊదుకుంటూ.

అంతే. మేస్త్రి భుజం మీది తువ్వాలు తీసి ఒళ్లో వేసుకున్నాడు.

"వెళ్లడమేంటి బావగారూ, వాళ్లు నన్ను వదిలితే కదా! మొదటిరోజు పొద్దున్నే హోటల్లోంచి అడుగు బయటపెట్టానో లేదో, వాన. మన వానలా పైనుంచి కిందికి కాదు, అడ్డంగా పడుతుంది, ఈ గోడ మీంచి ఆ గోడకి. ట్రాము ఆగేచోట ఒకావిడ నిలబడి ఉంది, గొడుగు తిరగబడి గిన్నెలా అయిపోయింది, పాపం అందులో నీళ్లు నిండుతున్నాయి. నేను చూస్తూ ఊరుకునేవాణ్ణా? జేబులోంచి పట్టకారు తీశాను..."

"విమానంలోకి పట్టకారు రానిచ్చారా?" అన్నాడు దర్జీ.

"పిప్పిపన్ను పీక్కోవడానికన్నాను, దారిచ్చారు. పట్టకారు తీసి రెండు పుల్లలు సరిచేసి ఇచ్చానా, ఆవిడ వెనకాల ఇంకొకాయన నిలబడ్డాడు. ఆయన వెనకాల ఇంకొకాయన. తలెత్తి చూస్తే లైను మూడు వీధులు దాటిపోయింది, ట్రాములు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లైను చెదరగొట్టడానికి పోలీసులొచ్చారు. వాళ్ల గొడుగులూ విరిగే ఉన్నాయి, వాళ్లూ లైన్లో నిలబడ్డారు. భోజనాల వేళకి నాలుగొందల గొడుగులు!"

"పూటలో నాలుగొందలా?" అన్నాడు వియ్యంకుడు.

"ఎక్కువేం కాదు బావగారూ. రెండు చేతులతో చేశాను కదా, చేతికి రెండొందలేగా."

టీకొట్టాయన చక్కెర డబ్బా మూత పెడుతూ ముసిముసిగా నవ్వాడు. వియ్యంకుడి మొహంలో మాత్రం ఏ కదలికా లేదు. ఇంకా పైకి లాగాలి అనుకున్నాడు మేస్త్రి.

"రెండోరోజు గాలి. ఒకాయన గొడుగు బాగుచేసి, సరిగా ఉందో లేదో చూద్దామని విప్పానో లేదో, నన్ను ఎత్తుకుపోయింది. ఊరంతా నా కాళ్ల కిందే! మేడల మీద ఆరేసిన బట్టలు చెప్పుకి తగులుతున్నాయి. ఒకింటి ఐదో అంతస్తులో ఎవరో కాఫీ తాగుతూ నమస్కారం పెడితే, మర్యాదకి నేనూ చెయ్యి ఊపాను. ఊపితే పట్టు జారదూ? దబ్బున పోయి ఎక్కడ పడ్డాననుకున్నారు? రైల్వేస్టేషను కప్పు మీద."

"దెబ్బ తగల్లేదా?" దర్జీ.

"కప్పుకి తగిలింది. అసలు కథ అక్కడే ఉంది. ఆ కప్పు ఇనుమూ అద్దాలూను, నలభై ఏళ్లనుంచి బిగుసుకుపోయి ఉంది, ఎందుకో ఎవరికీ తెలీదు. కింద ఇంజనీర్లు కాయితాలు పరుచుకుని జుట్టు పీక్కుంటున్నారు. నేను ఒక్క చూపు చూశాను. ఒరేయ్ నాయనా, ఇది కప్పు కాదు, గొడుగు! ఇరవైనాలుగు పుల్లలూ లెక్కకి సరిపోయాయి."

కప్పుల మాట వచ్చేసరికి వియ్యంకుడు టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "అంత కప్పుకి స్తంభాలెన్ని?"

"ఒక్కటే. మధ్యలో."

"కింద పునాది?"

"పునాదెందుకు? పిడి ఉందిగా."

"పిడి వంపు తిరిగుందా?"

"ఆ వంపులోంచే రైళ్లు పోతాయి బావగారూ! సరే, మీట ఎక్కడుందో వెతికి మడమతో ఒక్క తన్ను తన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? టప్పుమని విచ్చుకుంది. స్టేషను దాటింది, బజారు దాటింది, ఊరంతా కప్పేసింది. ఆ క్షణంనుంచి ఊళ్లో ఒక్క చుక్క పడితే ఒట్టు. వానంతా జారిపోయి పక్క ఊరి నెత్తిన పడింది. ఆ ఊరివాళ్లకి ఇప్పటికీ నామీద కోపమే!"

దర్జీ పొట్ట పట్టుకున్నాడు. వియ్యంకుడి పెదవి కొస కూడా కొంచెం వంగింది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. అంతలో పోస్టుమాన్ గొంతు సవరించుకున్నాడు.

"మేస్త్రీ, నువ్వు అక్కణ్ణుంచి మీ ఆవిడకి కార్డు రాశావు. గుర్తుందా?"

"రాస్తే?"

"నువ్వొచ్చిన పదకొండోరోజుకి వచ్చింది. కళ్లజోడు కనపడక, మీ ఆవిడే నాచేత చదివించుకుంది. 'ఇక్కడ చినుకన్న మాట లేదు. ఎండ మండిపోతోంది. గొడుగు పట్టినవాడు ఒక్కడూ కనపడలేదు. నాకేం తోచక స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూస్తున్నాను. ఊరు మాత్రం బంగారం. నువ్వుంటే బాగుండేది.'"

టీకొట్టు గొల్లుమంది. దర్జీ బెంచీ మీంచి జారినంత పనైంది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. తువ్వాలు మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు.

"అయితే అక్కడ ఒక్క గొడుగూ ముట్టుకోలేదన్నమాట," అన్నాడు వియ్యంకుడు.

"ఒకటి ముట్టుకున్నాను," అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ. ఈసారి గొంతులో ఎత్తుగడేం లేదు. "హోటల్లో గదులు ఊడ్చే ముసలావిడది. ఎండకి వేసుకునేది. ఒక పుల్ల ఊడి వేలాడుతుంటే కట్టిచ్చాను."

దాంతో నవ్వు రెట్టింపైంది. "ఒక్కడూ గొడుగు పట్టని ఊళ్లో గొడుగట!" అన్నాడు దర్జీ కళ్లు తుడుచుకుంటూ. "రేపటికి ఆ ముసలావిడ మహారాణి అవుతుంది చూడండి!"

నాలుగొందల గొడుగుల కోత బయటపడ్డప్పుడు లేని నొప్పి మేస్త్రికి ఆ ఒక్క గొడుగు దగ్గర కలిగింది. ఉన్నదున్నట్టు చెప్పిన ఒక్క మాటనీ నమ్మేవాడు లేకపోయాడు. లేచి షాపుకేసి రెండడుగులు వేశాడు.

"అది నిజమేనయ్యా," అన్నాడు పోస్టుమాన్.

అందరూ అటు తిరిగారు.

"మర్నాడు రెండో కార్డు వచ్చింది. అదీ నేనే చదివాను. 'ఇవాళ ఒక పెద్దావిడ గొడుగుకి పుల్ల కట్టాను. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి తెలీదు. ఆవిడ దాన్ని విప్పి, ముడిచి, మళ్లీ విప్పి, నా వేళ్లకున్న కాయలు తన వేళ్లతో తడిమి చూసింది. తన చేతులు చూపించింది. వాటికీ ఉన్నాయి. ఈ ఊరొచ్చాక నన్ను పలకరించిన మనిషి ఆవిడొక్కతే.' మీ ఆవిడ దాన్ని రెండుసార్లు చదివించుకుంది."

దర్జీ తన వేళ్లకేసి చూసుకున్నాడు. వియ్యంకుడు జరిగి, బెంచీ మీద మేస్త్రికి చోటిచ్చాడు.

మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి మెల్లగా వీపు నిటారైంది, తువ్వాలు మళ్లీ ఒళ్లోకి చేరింది.

"చూశారా బావగారూ! ఆ ముసలావిడ అసలెవరనుకున్నారు? ఆ హోటలు మొత్తం..."

వియ్యంకుడు ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఇంక పెంచకండి బావగారూ. అంతవరకూ నేను నమ్మాను."