ఆ అద్దం అలాగే ఉండనీ

ఫోటో దొరుకుతుందిలే, ముందు కూర్చో. అన్యాయం జరిగింది మీ అమ్మమ్మకి, నా తోడబుట్టిన అక్కకి, డెబ్బై తొమ్మిదో సంవత్సరంలో. చేసింది మన చర్చి కమిటీ. ఇన్నేళ్లకి వాళ్లకి ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చి, ఆ పక్క కిటికీకి రంగు అద్దం బిగించి, కింద ఫలకం మీద ఆవిడ పేరు చెక్కిస్తారట. పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఒక ఫోటో పట్టుకురమ్మని నిన్ను పంపారు. అద్దాల మనిషి నిచ్చెన వేసేశాడా? ఇంకా లేదూ? సరే. ఆ తలుపు తీసి పెట్టు, గాలాడట్లేదు. నా కళ్లజోడు ఎక్కడ పెట్టి చచ్చానో.

నువ్వు పుట్టేసరికే ఆవిడ లేదు, నీకేం తెలుస్తుంది. కుట్టుపని చేసేది. గుండుసూదులు నోట్లో ఉండగానే కుర్రాళ్లకి చర్చి పాటలు నేర్పేది, వాటిని మింగేస్తుందేమోనని నాకు హడలు. నలుగురు పిల్లలు, మంచం పట్టిన అత్తగారు. ముసలావిడకి తినిపిస్తూనే, అవతలి గదిలో ఎవడో రాగం తప్పితే ఇక్కణ్నుంచే "నువ్వే, మళ్లీ పాడు" అనేది. చర్చి హాలు తాళంచెవి ఆవిడ నడుమునే ఉండేది. సాయంత్రం లారీ రిపేరు షెడ్లలో పని దిగిన కుర్రాళ్లు చేతుల గ్రీజు కడుక్కుని మరీ ఆ హాలుకి వచ్చేవాళ్లు, కాసేపు పాట, తర్వాత చర్చి పక్క సందులో బంతాట. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునే చిన్న ఇనప టోపీ ఉంటుంది చూడు, దాంతో బల్ల మీద టక్కుటక్కుమని కొట్టేది. ఆ చప్పుడుకి తప్ప ఇంకెవరికీ లొంగని వెధవలు. మీ తాతయ్య నవ్వేవాడు, నన్ను కూడా ఆ పాటల బృందంలో చేర్చుకోవే, అప్పుడైనా నాతో మాట్లాడతావు అని. ఏంటి, పొడుగెంతా? నా భుజం దాకా. ఫలకం మీద అది కూడా రాస్తారా?

ఒకరోజు ఆ బంతి వెళ్లి చర్చి పక్క కిటికీలో, ఇప్పుడు వీళ్లు మారుస్తామంటున్న దాన్లోనే, కింది అద్దానికి తగిలింది. రంగుల అద్దం, భళ్లున పోయింది. అప్పటి సంఘపెద్దని మేం ఇస్త్రీ అనేవాళ్లం, చొక్కా మీద మడత ఉండేది కాదు, మొహం మీద నవ్వూ ఉండేది కాదు. ఎవడు తన్నాడో పేరు చెప్పు, వాణ్ని గేటు దాటనివ్వం అన్నాడు. ఆవిడ తనే తన్నానంది.

"రెండు మోకాళ్లూ పట్టేసిన మనిషివి, నువ్వు తన్నావా?"

"బంతికి నా మోకాళ్ల సంగతి తెలీదు కదండీ."

ఎవడు తన్నాడో నాకు తెలుసు. చెప్పను, వాడికిప్పుడు మనవలు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ నిలబెట్టి, పాటల బృందం నుంచి ఆవిణ్ని తీసేశామన్నారు, షెడ్ల కుర్రాళ్లెవరూ లోపల అడుగు పెట్టకూడదన్నారు. తాళంచెవి ఇచ్చేసింది. ఇంటికొచ్చి అత్తగారికి తినిపించింది, పక్క మార్చింది, మిషను ముందు కూర్చుంది. నేను తిడుతున్నాను, ఆవిడ కుడుతోంది. నాకు ఆవిడ మీదే ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. లేవనీ, కూర్చోలేను, నువ్వు కూర్చో.

అద్దం మార్చాలి కదా. రంగుది తెప్పించబోతే ఇస్త్రీ అడ్డుపడ్డాడు. మామూలు అద్దం వేసి అలాగే ఉండనీ, చూసినప్పుడల్లా ఆవిడకి తను చేసిన తప్పు గుర్తుకురావాలి అన్నాడు. పెద్ద తెలివి. మరుసటి ఆదివారం మీ అమ్మమ్మ వెళ్లి సరిగ్గా ఆ కిటికీ పక్క బెంచీ మీదే కూర్చుంది. సిగ్గుపడుతోందనుకున్నారు. పాట మొదలైంది. ఆవిడ తల తిప్పలేదు, పెదవి కదపలేదు, టోపీ తొడిగిన వేలు మాత్రం కిటికీ గట్టు మీద పెట్టి టక్కు, టక్కు. బయట సందులోంచి పాట లేచింది. వెధవలంతా గోడ అవతల నిలబడి, ఆ మామూలు అద్దంలోంచి ఆవిడ వేలు చూస్తూ పాడుతున్నారు. లోపలి బృందం వెనకబడి, ఆఖరికి బయటివాళ్ల వెంటే నడిచింది. ఇస్త్రీ కిటికీ మూయించడానికి లేచాడు పాపం, అది తెరిచి మూసేది కాదు. ఆ సంవత్సరమంతా అంతే, వానలో కూడా. పాస్టరుగారే సిగ్గుపడి చివరికి వాళ్లని లోపలికి పిలిచారు. ఆవిణ్ని మాత్రం మళ్లీ పిలవలేదు, పోయేదాకా ఆ బెంచీయే.

ఇప్పుడు ఆ అద్దం పీకి రంగుది పెడతారా? ఆవిడ పేరుతో? రంగు అద్దమే ఉండుంటే ఆ వేలు ఎవడికి కనపడేది? నా చెప్పులు ఎక్కడ, ఇలా తోయి. ఫోటో ఇవ్వను. అద్దాల మనిషి నిచ్చెన ఎక్కేలోపు నేనే వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుంటాను, నన్ను లేపి పీకమను. నాకూ మోకాళ్లు పట్టేశాయి, లేవడం కష్టం. ఫలకం కావాలంటే పెట్టుకోనీ, ఆ అద్దం కింద, ఆవిడ సేవలూ గీవలూ అని పొగడకుండా. ఈమెను మేము పాటల బృందం నుంచి తీసేశాము, ఇట్లు కమిటీ అని రాయించు. ఏ రోజో వాళ్లకి గుర్తుండదు, నేను చెప్తాను, రాసుకో. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, జూలై పదిహేను, ఆదివారం.